కట్టకూడని కొళాయి

కువైట్ ఫర్వానియాలో పీర్ సాహెబ్‌ను టీకి పిలిచేవాళ్లు ఒక సంగతి తెలిసి పిలవాలి. మనిషి వస్తాడు, సలాం చెప్తాడు, చెప్పులు విడుస్తాడు, కానీ వెంటనే కూర్చోడు. చెవి ఒగ్గి నిలబడతాడు. వంటింట్లోనో బాత్‌రూములోనో చుక్క చుక్క కారే చప్పుడు వినబడిందంటే ఆ టీ చల్లారిపోవాల్సిందే. చొక్కా జేబులోంచి వాషరు తీస్తాడు, ప్యాంటు జేబులోంచి చిన్న పానా తీస్తాడు, ఇంటావిడ వద్దు వద్దంటున్నా చొరబడి ఆ కొళాయి నోరు మూయించి గానీ బయటికి రాడు. చిన్నతమ్ముడికి పిల్లను చూడ్డానికి పోయిన ఇంట్లో కూడా ఇదే పని చేసొచ్చాడని భార్య జులేఖా ఇప్పటికీ దెప్పుతుంది. ఆ సంబంధం కుదిరింది కాబట్టి సరిపోయింది.

నవ్వుతాం గానీ, ఆయన్ను తప్పు పట్టలేం. పుట్టింది రాయచోటి పక్క పల్లె. ఎండాకాలం ట్యాంకరు వచ్చిన రోజే ఆ ఊళ్లో స్నానాలు. బిందె తొణికితే తల్లి చేతిలో వీపు విమానం మోత మోగేది. అక్కణ్ణించి వచ్చిపడింది కువైట్‌లో. ఇక్కడ తాగే నీళ్లంటే సముద్రాన్ని మరిగించి, ఉప్పు తీసి, పైపుల్లో పంపేవే. ఇరవై మూడేళ్ల నుంచి ఆయన చేసే పనీ ఆ నీళ్లతోనే. అర్దియాలో ఒక వర్క్‌షాపు ఉంది, ఆసుపత్రుల్లో నీళ్లు శుద్ధి చేసే మిషన్లు కట్టి, చెడిపోతే బాగుచేస్తారు. మిషను మీద చెయ్యి వేసి దాని జబ్బు చెప్పగలిగినవాడు ఆ షాపులో ఒక్కడే. ఆ ఒక్కడి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, తీసి చూడండి, ఉద్యోగం పేరు దగ్గర 'హెల్పర్' అని ఉంటుంది. హెల్పరట! ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లు ఇంజనీర్లయి కార్లలో తిరుగుతున్నారు. నాకైతే ఆ కార్డు చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆయనకు మండదు, అది వేరే విషయం.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఆఖరివాడు ఉదయ్‌కుమార్. కోనసీమ కుర్రాడు, ఇంజనీరింగ్ చదివి వచ్చాడు. గుమ్మం ముందు కాలవ పారే ఊరివాడు కదా, వచ్చిన కొత్తలో కొళాయి కారుతుంటే పట్టించుకునేవాడు కాదు. పీర్ సాహెబ్ ఊరుకుంటాడా? షాపులో ఎక్కడ చుక్క రాలినా ఉదయ్‌నే పిలిచి కట్టించేవాడు. రెండేళ్లకు ఆ పిల్లాడి జేబులో కూడా వాషర్లు చేరాయి.

మొన్న కాక అంతకు ముందు చలికాలం సంగతి. మిర్కాబ్‌లోని ఆఫీసు నుంచి ముదీర్, అంటే మేనేజరు, ఇద్దర్నీ పిలిపించాడు. మంగోలియాకు పైకొసన, రష్యా సరిహద్దు పక్కన, సారీబులక్ అని కజక్కులనే ముస్లిం జాతివాళ్ల ఊరు. కువైట్ దాతలెవరో కలిసి ఆ ఊరి చిన్న ఆసుపత్రికి డయాలసిస్ కుర్చీలు రెండు ఇచ్చారు. కిడ్నీలు చెడినవాళ్లకు వారానికి మూడుసార్లు రక్తం కడిగే మిషను అది. ఒక్కసారి కడగాలంటే వందకు పైగా లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. ఆ నీళ్లిచ్చే మిషను మన షాపుదే. చలి మొదలైన దగ్గర్నుంచి అది సగం నీళ్లే ఇస్తోంది. రెండుసార్లు ఇంజనీర్లు పోయారు, నీళ్లను వడకట్టే పొరలు మార్చారు, వచ్చారు. మళ్లీ అదే కథ. నాలుగు గంటలు కడగాల్సిన రక్తాన్ని రెండు గంటలే కడుగుతున్నారు.

ముదీర్ మాట దాచలేదు. దాతలు విసిగిపోయారు. ఇదే ఆఖరిసారి, ఈసారి కూడా బాగుపడకపోతే ఆ కుర్చీలను విప్పి పట్నానికి పంపించేస్తారు, ఖలాస్. ఆ ఊళ్లో వాటిమీద బతుకుతున్నవాళ్లు ముగ్గురు. పట్నం పోవాలంటే విమానమే దిక్కు, అది వారానికి ఒక్కటి. వారానికి మూడుసార్లు కుర్చీలో కూర్చోవాల్సినవాళ్లు దాన్ని నమ్ముకుని ఎలా బతుకుతారు? ఆ గది మూతపడితే ముగ్గురూ ఊరొదిలి పోవాలి, లేదంటే ప్రాణాలే వదలాలి.

పోవాల్సింది ఉదయ్. సరిగ్గా అప్పుడే అతని పాస్‌పోర్టు రెన్యువల్లో ఇరుక్కుంది. అలా, ఇంజనీర్లు పోయి తిరిగొచ్చిన చోటికి హెల్పర్ బయల్దేరాడు.

చలికి బట్టలెక్కడివి? కువైట్ వాడి బీరువాలో ఉన్ని ఎంత ఉంటుందో మీకు తెలుసు. జులేఖా అర్దియాలో ఒక కువైటీల ఇంట్లోనే ఉండి వంట చేస్తుంది. సంగతి విని ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, తన భర్త పాత ఫర్వా తీసిచ్చింది. లోపలంతా గొర్రె బొచ్చు, పైన ముదురు గుడ్డ, కాళ్లదాకా జారే అంగీ, ఇక్కడి పెద్దలు చలికాలం ఎడారి గుడారాల్లో కప్పుకునేది. అది తొడుక్కుని గదిలో నిలబడితే పీర్ సాహెబ్ షేక్‌లా ఉన్నాడని అందరూ ఫొటోలు తీసుకున్నారు. జులేఖా మాత్రం ఫోన్లో ఆ ఫొటో చూసి, పోయేది పనికి, పెళ్లికి కాదు, చెవులకు గుడ్డ కట్టుకో అని చెప్పింది.

రెండు పెద్ద విమానాలు మారాక మూడోది కనబడింది. పన్నెండు సీట్లు, ముక్కు మీద ఒకే ఒక పంకా, తలుపు దగ్గర కట్టెల నిచ్చెన. ఎక్కేముందు మనుషుల్ని కూడా తూకం వేశారు. ఫర్వాతో సహా పీర్ సాహెబ్ తొంభై మూడు కిలోలు తూగాడు. బరువెక్కువైంది, రెండు సంచుల్లో ఒకటి దించమన్నాడు పైలట్. ఒక సంచిలో బట్టలు, నిమ్మకాయ ఊరగాయ, జులేఖా చేసి పెట్టిన బాదుషాలు. ఇంకోదాంట్లో కొత్త పంపు, పనిముట్లు. పీర్ సాహెబ్ క్షణం కూడా ఆలోచించలేదు, బట్టల సంచి దించేశాడు. బాదుషాల పొట్లం ఒక్కటి ఫర్వా లోపలికి పోయిందని తర్వాత ఒప్పుకున్నాడు.

పంపును మోకాళ్ల మధ్య పెట్టుకుని పైలట్ వెనకే కూర్చున్నాడు. కింద ఎటు చూసినా తెలుపే, చెట్టు లేదు, రోడ్డు లేదు. గాలికి విమానం పక్కకు జారినప్పుడల్లా కల్మా చదువుకున్నాడు. భయమేసిందా అని అడిగితే వేసిందనే చెప్తాడు, అదొక్కటే ఆయనలో నాకు భలే నచ్చుతుంది. ఇంకొకరైతే పైలట్‌కు తనే దారి చూపించానని కోస్తారు.

సారీబులక్‌లో దిగేసరికి మీసం మీద మంచు పట్టింది. సున్నాకు ముప్పై డిగ్రీలు కింద. నర్సు జనార్ జీపులో వచ్చి ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి, ఆ ఆసుపత్రికి నర్సూ, స్టోర్‌కీపరూ, తాళాలూ అన్నీ ఆమే. కాస్త ఇంగ్లీషు ఆమెది, కాస్త ఇంగ్లీషు ఈయనది, మధ్యలో సలాం ఇద్దరిదీ. పని గడిచిపోయింది. రేపు పది గంటలకు కులాష్ అపా వంతు అని దారిలోనే చెప్పింది. డెబ్బై దాటిన మనిషి, చలి మొదలైన దగ్గర్నుంచి సగం సగం కడగడంతో కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతోందట. పెద్దామెను ఆ ఊళ్లో అపా అంటారు. మన సాయబుల ఇళ్లలోనూ అక్కను ఆపా అనే అంటాం కదా, పీర్ సాహెబ్‌కు ఆ ఒక్క మాటతోనే ఆమె చుట్టమైపోయింది.

సాయంత్రం దాకా పని చేశాడు. మిషను గదికి ఆనుకుని రేకుల కొట్టు ఒకటి, ఊట నుంచి వచ్చే పైపు అందులోనే పైకి తేలుతుంది, నీళ్ల ట్యాంకూ అందులోనే. పాత పంపు విప్పి కొత్తది బిగించాడు. మిషను నడిపి చూశాడు. గాజు గొట్టంలో నీళ్ల జోరు చూపించే చిన్న బిళ్ల ఉంటుంది, జోరు పెరిగితే అది పైకి లేవాలి. లేవలేదు. మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. ట్యాంకులో నీళ్లన్నీ ఆ పరీక్షలకే అయిపోయాయి. ముందు పోయిన ఇంజనీర్ల మీద అప్పటిదాకా మనసులో ఉన్న చిన్న వెటకారం కాస్తా దిగిపోయింది. పొద్దున ట్యాంకు నింపి మళ్లీ మొదలుపెడదామనుకుని చేతులు కడుక్కున్నాడు.

అప్పుడు వినబడింది. టప్, టప్, టప్.

కొట్టులో మూలనున్న కొళాయి. సన్నగా, ఆగకుండా కారుతోంది. ఎన్ని రోజుల నుంచి కారుతోందో ఏమో! ఆసుపత్రిలో ఇంత నిర్లక్ష్యమా అని మన పీర్ సాహెబ్‌కు చిర్రెత్తింది. జేబులోంచి వాషరు తీశాడు, పానా తీశాడు, అయిదు నిమిషాల్లో దాని నోరు మూయించాడు. మిషను లొంగకపోయినా ఒక్క పనైనా సరిగ్గా చేశానని తృప్తిగా పోయి పడుకున్నాడు.

పొద్దున ఎనిమిదికి ట్యాంకు నింపుదామని తిప్పితే చుక్క లేదు. పైపు మీద చెయ్యి వేస్తే చర్మం అతుక్కుంది. నిలువునా గడ్డకట్టింది. జనార్ పరుగున వచ్చింది, పైపు చూసింది, తర్వాత మూలనున్న కొళాయిని చూసింది. అది ఊరికే కారుతున్నది కాదు. కదిలే నీళ్లు గడ్డకట్టవని చలికాలమంతా దాన్ని సన్నగా వదిలేసి ఉంచుతారు. ఆ ఊళ్లో అయిదేళ్ల పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఎవరూ ఆయనకు చెప్పలేదు. నిప్పులో చెయ్యి పెట్టొద్దని ఇంటికొచ్చిన చుట్టానికి మనం చెప్తామా?

బయట జీపు ఆగింది. ఇద్దరు మనవళ్లు చెరో రెక్క పట్టుకుని కులాష్ అపాను దింపుతున్నారు. రెండు అడుగులకోసారి ఆగి గాలి పీలుస్తోంది.

ఇక్కడే చెప్తున్నా వినండి. గట్టిగా తలాడించి, పైపు పాతది, చలి ఎక్కువైంది అంటే సరిపోయేది. ఆ ముక్క అనడానికి ఎవరి నోరైనా లేస్తుంది. పైగా అందరి ముందూ పరువు పోయే వేళ. పీర్ సాహెబ్ పానా కింద పెట్టి జనార్ ముందు నిలబడ్డాడు.

"కొళాయి నేనే కట్టేసినా. ఎవరిదీ కాదు, తప్పు నాదే" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

ఆ పిల్ల ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటాడు. మెట్ల మీదికి పోయి, ఎదురింటి వాళ్లను కేకేసి ఏదో చెప్పింది. అరగంట గడిచిందో లేదో, ఊరు కదిలొచ్చింది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన పెద్ద అల్యూమినియం క్యాను ఉంటుంది, రెండు రోజులకు సరిపడా ఊట నీళ్లు పట్టి ఉంచుతారు. ఆ క్యాన్లన్నీ మంచు మీద లాగే స్లెడ్జి బండ్ల మీద ఆసుపత్రికి వచ్చాయి. ఇంట్లో వాళ్లు తాగాల్సిన నీళ్లవి. నీళ్ల విలువ తెలిసినవాడు కదా పీర్ సాహెబ్, మొదటి క్యాను రెండు చేతులతో అందుకున్నాడు. ఒక్కో క్యానూ తనే ఎత్తి ఖాళీ ట్యాంకులో పోశాడు. ఫర్వా విప్పేశాడు, చొక్కా తడిసిపోయింది, అయినా ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

పదీ పావుకు మిషను వేశాడు. గాజు గొట్టంలో బిళ్ల లేచింది. నిన్నటి గీత దాటింది. ఇంకా లేచింది. ఇరుక్కుందేమోనని వేలితో కొట్టి చూశాడు. ఇరుక్కోలేదు. అదే పంపు, అవే పొరలు, ఊట కూడా అదే. మరి నీళ్లు నిన్నటికి రెండింతలు ఎలా వస్తున్నాయి? గొట్టం పట్టుకుని చూశాడు. నిన్న వేళ్లు కొరికేసిన గొట్టం ఇవాళ గోరువెచ్చగా ఉంది. పొయ్యి పక్కన ఉండి వచ్చిన నీళ్లు కదా.

అక్కడే నేలమీద కూలబడి తల పట్టుకుని నవ్వాడు. జబ్బు మిషనుది కాదు, నీళ్లది. మంచులాంటి నీళ్లు ఆ సన్నటి పొరలోంచి దూరలేక దూరలేక దూరుతున్నాయి. కువైట్‌లో మన గొడవంతా వేడితోనే, కాబట్టి చలికి కూడా మిషను మొరాయిస్తుందని ఎవడికి తడుతుంది? ఇంజనీర్లు పుస్తకంలో చదివే ఉంటారు, కానీ ఏనాడూ చూసింది లేదు.

ఇక మందు ఏమిటో పీర్ సాహెబ్‌కు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అది ఫర్వానియాలో ప్రతి బాత్‌రూములోనూ ఉంది. ఆగస్టులో ఇక్కడ మేడ మీద ట్యాంకు నీళ్లు ఒంటిమీద పోసుకుంటే బొబ్బలెక్కుతాయి. అందుకని ఏం చేస్తాం? గీజరు స్విచ్చి ఆపేసి, ఆ గీజర్లో నీళ్లతోనే చల్లగా స్నానం చేస్తాం. ఇంట్లో కూర్చున్న నీళ్లకు ఇంటి చల్లదనం వస్తుంది. అక్కడైతే ఇంటి వెచ్చదనం వస్తుంది, అంతే తేడా. మూడు రోజులు కష్టపడి ట్యాంకును రేకుల కొట్టులోంచి ఊడబీకి, ఆసుపత్రి లోపల, పెద్ద పొయ్యి వెనక గదిలో నిలబెట్టాడు. ఊట నీళ్లు రాత్రంతా అక్కడ కూర్చుని, వేడెక్కి, పొద్దున్నే మిషనులోకి పోయేలా పైపులు వేశాడు. గడ్డకట్టిన పైపును మొదటి రోజే వేడి గుడ్డలు చుట్టి కరిగించారు, అదృష్టం బాగుండి ఎక్కడా పగల్లేదు.

ఆ మొదటి రోజు కులాష్ అపా నాలుగు గంటలూ నిండుగా కుర్చీలో ఉంది. లేచేటప్పటికి ముఖంలో తేట వచ్చింది. జరిగిందంతా జనార్ చెప్తే వింది, పీర్ సాహెబ్‌ను దగ్గరకు పిలిచి, ఆ కొళాయి కట్టిన చేతి మీద ఫట్‌మని ఒకటి వేసింది. వేసి, అదే చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన ఫర్వాలోంచి బాదుషాల పొట్లం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

వచ్చేముందు ఒక డబ్బా మూత చదును చేసి, నల్ల పెయింటుతో దానిమీద ఏదో రాసి, ఆ కొళాయి పైన మేకు కొట్టి తగిలించాడు. ఏ భాష అని అడిగింది జనార్. తెలుగని చెప్పాడు. ఇక్కడ చదివేదెవరని అడిగింది. ఉండనీ అన్నాడు.

కువైట్ వచ్చాక రిపోర్టు రాయాలి. ఇంగ్లీషు రాయడం పీర్ సాహెబ్‌కు రాదు, ఆయన చెప్తుంటే ఉదయ్ టైపు చేశాడు. కొళాయి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లాడి వేళ్లు ఆగిపోయాయి. అంతా బాగుపడింది కదా, ఈ ముక్క ఎందుకండీ, ముదీర్ చదివితే మీకే మాట వస్తుందండీ అని బతిమాలాడు.

"రాయి సారూ. కట్టింది నేనే అని రాయి. ఆ ఊరోళ్లు తాగే నీళ్లు తెచ్చి పోసినారు. అది లేకుండా ఆ రిపోర్టు యాల?" అన్నాడు పీర్ సాహెబ్.

రాశాడు. ముదీర్ చదివాడు, రెండుసార్లు చదివాడు, సంతకం పెట్టాడు. ఆ కుర్చీలు పట్నం పోలేదు. ఇఖామాలో మాత్రం ఇప్పటికీ హెల్పరే. కానీ ఇప్పుడు ఏ ఊరికి ఎవర్ని పంపినా, పోయేముందు పీర్ సాహెబ్‌తో మాట్లాడి పొమ్మంటాడు ముదీర్. సూటు వేసుకున్న ఇంజనీర్లు ఆయన బల్ల దగ్గర నిలబడి నోట్సు రాసుకుంటుంటే చూడాలి! గర్వంగా ఉంటుంది మాకు, ఎందుకు దాచుకోవాలి?

పోయిన చలికాలం సారీబులక్‌కు మూడో కుర్చీ ఇచ్చారు దాతలు. బిగించి రావడానికి ఈసారి ఉదయ్ పోయాడు, అదే చిన్న విమానం, అదే ఫర్వా. అతను దిగిన మర్నాడు మధ్యాహ్నం పీర్ సాహెబ్ మా గదిలో భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఫోను మోగింది. అందరం వినాలని స్పీకరు పెట్టాడు. అవతల ఉదయ్.

"సాహెబ్ గారూ, కొట్టులోకి వచ్చానండీ. కొళాయి కారుతోంది. నా చెయ్యి దానంతటదే పోయిందండీ. ఆ రిపోర్టు నా చేత్తో టైపు చేశాను, అయినా జేబులోంచి వాషరు కూడా తీసేశాను. తల ఎత్తితే మీ అక్షరాలు కనబడ్డాయి. 'ఇది కట్టొద్దు. పీర్ సాహెబ్' అని. ఇక్కడ తెలుగు వచ్చినోడు ఒక్కడూ లేడు కదండీ, ఎవరి కోసం రాశారండీ ఇది?"

పీర్ సాహెబ్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నీ కోసమే, నాయనా. వాళ్లకు ఎవరూ చెప్పే పనిలేదు. కొళాయి కారుతుంటే కట్టాలని నీ చేతికి నేర్పింది నేనే గదా."